గాలి వీస్తే చాలు, విమానం కట్లు విప్పడం మానేస్తున్నాను

ప్రశ్న: పైలట్ లైసెన్సు వచ్చి ఇంకా ఏడాది నిండని ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె నడిపేది ఫ్లయింగ్ క్లబ్బువారి సెస్నా 172 అనే ఒకే ఇంజిన్ చిన్న విమానం. కొన్ని వారాల క్రితం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున్నే బయలుదేరారు. అప్పుడు ఆకు కూడా కదలడం లేదు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి టవర్ చెప్పిన గాలి 220 డిగ్రీల (నైరుతి) నుంచి 14 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), విసుర్లు, అంటే ఉన్నట్టుండి రేగే గాలి, 24. దిగవలసింది రన్‌వే 27 మీద, అంటే పడమర ముఖంగా, 270 డిగ్రీల దిశలో. “ఫైనల్‌కు (రన్‌వేకు సూటిగా వచ్చే చివరి దారి) తిరిగేటప్పుడు రన్‌వే రేఖ దాటిపోయాను, గట్టిగా వంచి వెనక్కి తెచ్చాను. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా దించి, ఎందుకైనా మంచిదని 80 నాట్స్‌తో వచ్చాను. విమానం ఎంతకీ నేలను తాకదే! చివరికి ఒక చక్రం తాకింది. అమ్మయ్య అనుకుని యోక్ (విమానం స్టీరింగ్) మధ్యకు తెచ్చాను. వెంటనే ఎడమ రెక్క లేచింది, విమానం ఎగిరిపడి కుడి అంచువైపు కొట్టుకుపోయింది. పూర్తి పవర్ ఇచ్చి మళ్లీ పైకి వెళ్లాను” అని రాశారు. రెండోసారి సవ్యంగానే దిగారు. విమానానికి గీత కూడా పడలేదు. “మామూలుగా ఇలాగే దిగుతారా అక్కా?” అని తమ్ముడు అడిగితే “అవును” అన్నారట.

అప్పటి నుంచి వాతావరణ సూచనలో గాలి 10 నాట్స్ దాటితే బుకింగ్ రద్దు చేసుకుంటున్నారు. క్లబ్బులో ఒక పెద్దాయన “పాతిక నాట్స్‌లో కూడా వెళ్లొస్తాం, గాలికి భయపడేవాళ్లు నేల మీదే ఉండాలి” అని అందరి ముందూ నవ్వారు. భర్త “ఇంత ఆందోళన పడుతూ ఎందుకు, మానెయ్యరాదా” అంటున్నారు. తమ్ముడేమో వచ్చే నెల భార్యాబిడ్డలతో కలిసి వస్తానని పట్టుబడుతున్నాడు. “నేను పిరికిదాన్నా? ఎంత గాలి వరకు వెళ్లవచ్చు? ఒక్క అంకె చెప్పండి చాలు” అని ఉత్తరం ముగించారు.

సమాధానం: మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన వాక్యం విమానం ఎగిరిపడటం గురించినది కాదు. “రేఖ దాటిపోయాను, గట్టిగా వంచి వెనక్కి తెచ్చాను” అని దారిలో అనేసి వెళ్లిపోయారే, అది. ఎగిరిపడటం గురించి ఒకటిన్నర పేజీ రాశారు, దీని గురించి ఒక్క వాక్యం. ఆ రోజు మీరు ప్రాణాపాయానికి అత్యంత దగ్గరగా వెళ్లిన చోటు ఏదైనా ఉంటే, అది బహుశా ఆ మలుపే.

ఏం జరిగిందో చూద్దాం. రన్‌వే 27కు ఎడమ సర్క్యూట్‌లో (దిగే ముందు ఎడమ మలుపులతో వేసే చుట్టు) వచ్చారనుకుంటే, బేస్ లెగ్‌పై (ఫైనల్‌కు తిరిగే ముందు రన్‌వే రేఖకు అడ్డంగా వచ్చే భాగం) మీ ముక్కు ఉత్తరానికి ఉంటుంది. గాలి 220 నుంచి, అంటే మీ వీపు వెనక ఎడమ పక్కనుంచి వస్తోంది. అది మిమ్మల్ని రోజూ కంటే వేగంగా రన్‌వే రేఖ వైపు తోసింది. రోజూ తిరిగే చోటే తిరగడం మొదలుపెట్టారు, రేఖ దాటిపోయింది. అప్పుడు ఎవరికైనా చేయి మరింత వంచమంటుంది, కాలు రడర్‌తో (పెడల్‌తో కదిలే తోక పలక) ముక్కును లోపలికి లాగమంటుంది. ఎత్తు తగ్గకుండా తిరిగేటప్పుడు స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్క గాలిపై పట్టు కోల్పోయే వేగం) 45 డిగ్రీల వంపులో సుమారు 19 శాతం, 60 డిగ్రీల వంపులో 41 శాతం పెరుగుతుంది. దానికి తోడు రడర్ అతిగా తొక్కితే లోపలి రెక్క ముందు పట్టు వదులుతుంది. ఫైనల్ మలుపులో ఉండే ఎత్తు నాలుగైదు వందల అడుగులు. అక్కడ మొదలైన స్పిన్ (పట్టు తప్పి గిరగిరా తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడటానికి ఆ ఎత్తు చాలదు.

ఇది మిమ్మల్ని ఇంకా బెదరగొట్టడానికి చెప్పడం లేదు. మీ భయం నిజమైనదే, కానీ అది తప్పు చోట కూర్చుంది. దాన్ని సరైన చోటికి మారిస్తే అందులో సగం మీకు పనికొచ్చే సమాచారంగా మారుతుంది. పై మలుపుకు మందు కూడా సులువే: వెనుకగాలి ఉన్న బేస్‌పై ముందుగా తిరగడం మొదలుపెట్టండి, వంపు 30 డిగ్రీలు దాటనివ్వకండి, అప్పటికీ రేఖ దాటిపోతే వెనక్కి లాగే ప్రయత్నం మానేసి అక్కడి నుంచే గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లడం) చేయండి. రన్‌వే ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మీరు అడిగిన అంకె సంగతి. మీరు 14 నాట్స్ గాలిలో దిగాననుకుంటున్నారు. గాలికీ రన్‌వేకీ మధ్య కోణం 50 డిగ్రీలు. లెక్క వేస్తే అడ్డగాలి భాగం (రన్‌వేకు అడ్డంగా తోసే గాలి) నిలకడ గాలిలో దాదాపు 11 నాట్స్, విసురు వచ్చినప్పుడు 18. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో రాసిన ‘ప్రదర్శించిన గరిష్ఠ అడ్డగాలి’ 15. ఈ 15 చట్టం గీసిన గీత కాదు. తయారీదారులు పరీక్షల్లో చేసి చూపించిన అంకె మాత్రమే, నేర్పు ఉన్నవారు అంతకు మించి దిగిన సందర్భాలు ఉంటాయి. కానీ లైసెన్సు తడి ఆరని పైలట్ దాన్ని పైకప్పుగా భావించడమే మంచిది. మీకు తెలియకుండానే ఆ పైకప్పును దాటి దిగబోయారు. కాబట్టి ‘అంత పెద్ద గాలి కాకపోయినా నేను దిగలేకపోయాను’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. అది పెద్ద గాలే.

అదే కారణం చేత మీ 10 నాట్స్ నియమం కూడా పనికిరాదు. రన్‌వేకు సూటిగా ఎదురొచ్చే 18 నాట్స్ నిలకడ గాలి, తొంభై డిగ్రీల పక్కనుంచి వచ్చే 12 కంటే ఎంతో సుఖం. మీరు మొదటిదాన్ని వదులుకుంటున్నారు. తిరుగు ప్రయాణానికి రెండోది మీ మీదకు వచ్చి పడే అవకాశాన్ని మాత్రం ఆ నియమం ఆపదు. ఆ రోజు జరిగిందీ అదే కదా. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి పై ఎత్తుల్లో పరుగెత్తే గాలిని కిందికి కలుపుతుంది. పొద్దున ఎనిమిదికి నిశ్చలంగా ఉన్న చోటే మధ్యాహ్నం రెండుకు విసుర్లు తగులుతాయి, సాయంత్రానికి మళ్లీ సద్దుమణుగుతుంది. బయలుదేరేటప్పుడు చూసే గాలి కంటే తిరిగొచ్చే గంటకు సూచనలో ఉన్న గాలి ముఖ్యం.

కాబట్టి ఒక అంకె బదులు రెండు పెట్టుకోండి. మొదటిది విసురుతో కలిపి లెక్కవేసిన అడ్డగాలి భాగం. కాగితం అక్కరలేని లెక్క ఒకటుంది: కోణాన్ని గడియారంలో నిమిషాలనుకోండి. 15 డిగ్రీలంటే పావుగంట, గాలిలో పావు వంతు అడ్డంగా వస్తుంది. 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం. అసలు విలువ కంటే అక్కడక్కడా కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ఆ పొరపాటు మనకు మేలు చేసేదే. రెండోది విసురుకూ నిలకడ గాలికీ ఉన్న తేడా. కొత్తవారిని ఎక్కువ అలసటకు గురిచేసేది ఇదే, ఎందుకంటే ఎంత సరిచేసినా మరుక్షణం ఆ సవరణ పాతబడిపోతుంది. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త: అంతర్జాతీయ పద్ధతి ప్రకారం మెటార్ (విమానాశ్రయ వాతావరణ) నివేదికలో విసురు సగటు గాలిని 10 నాట్స్ లేదా అంతకంటే ఎక్కువ మించితేనే రాస్తారు. నివేదికలో విసురు మాట లేదంటే గాలి నిలకడగా ఉందని అర్థం కాదు. విండ్‌సాక్‌ను (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) ఒక క్షణం చూసి తల తిప్పుకోకుండా రెండు నిమిషాలు చూడండి. సగం వాలి, మళ్లీ నిక్కి, పక్కకు తిరుగుతూ ఉంటే అది మీతో మాట్లాడుతున్నట్లే.

ఈ రెండు అంకెలూ ఎంత ఉండాలి? ఇన్‌స్ట్రక్టర్ సాయం లేకుండా, చెమట పట్టకుండా మీరు ఈ మధ్య దిగిన గాలి ఎంతో అక్కడ మొదలుపెట్టండి. అది 6 కావచ్చు, 8 కావచ్చు. సిగ్గుపడవలసిన పని లేదు. ఏ నెలలోనైనా ఎగరడం తగ్గితే అంకె కూడా ఒక మెట్టు దిగాలి. దీన్ని ఇంట్లో, చేతిలో తాళంచెవి లేనప్పుడు కాగితం మీద రాసుకోవాలి. విమానం పక్కన నిలబడి నిర్ణయించుకుందాం అనుకుంటే నిర్ణయం తీసుకునేది మీరు కాదు, అద్దె డబ్బు, ఎదురుచూస్తున్న తమ్ముడు, నవ్విన పెద్దాయన.

ఆయన విషయం కూడా చెప్పాలి. ఆయన అబద్ధం చెబుతున్నారని నేననను. పాతిక నాట్స్‌లో ఆయన నిజంగానే వెళ్లొస్తుండవచ్చు. కానీ ఏ దిశ నుంచి పాతిక? ఏ విమానంలో? గాలి మరీ అడ్డం తిరిగితే వెళ్లడానికి వేరే రన్‌వే దగ్గరలో ఉందా? ఈ ప్రశ్నలు ఆయనను ఒంటరిగా ఉన్నప్పుడు, వాదన కోసం కాకుండా తెలుసుకోవడానికి అడిగి చూడండి. చాలామంది పాతకాపుల దగ్గర గప్పాల కింద చాలా కచ్చితమైన నియమాలు దాగి ఉంటాయి. సరైన జవాబులు వస్తే మీకొక గురువు దొరికినట్లు. రాకపోతే ఆయన మాటను ఇక మనసులో పెట్టుకోనక్కరలేదు.

ఎగిరిపడటం గురించి ఇప్పుడు మాట్లాడుకుందాం. మీరే మూడు కారణాలు రాశారు, గమనించినట్లు లేరు. మొదటిది వేగం. విసురుగాలిలో కొంత వేగం కలపాలన్న మీ ఆలోచన సరైనదే: ఎదురుగాలి ఒక్కసారిగా 10 నాట్స్ పడిపోతే విమానం దాని బరువు వల్ల వెంటనే అందుకోలేదు, వేగసూచి ఆ మేరకు పడిపోతుంది. వాడుకలో ఉన్న లెక్క, విసురు తేడాలో సగం కలపడం. మీకు తేడా 10, కలపవలసింది 5. మామూలుగా 65తో వస్తారనుకుంటే 70 చాలు. మీరు 80తో వచ్చారు. శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 65తో పోలిస్తే మీరు ఒకటిన్నర రెట్లు శక్తిని నేలకు నాలుగడుగుల ఎత్తున కరిగించవలసి వచ్చింది. “ఎంతకీ నేలను తాకదే” అన్నారే, ఇదే కారణం. అలా తేలుతున్నంతసేపూ ప్రతి విసురుకూ మీరు దొరికిపోయారు. భద్రత కోసం కలిపిన వేగమే ప్రమాదపు వ్యవధిని పెంచింది.

రెండోది ఫ్లాప్స్. బలమైన అడ్డగాలిలో ఆ రన్‌వే పొడవుకు అవసరమైనంత తక్కువ ఫ్లాప్ వాడమని మీ విమానం హ్యాండ్‌బుక్కే చెబుతుంది. పూర్తిగా దించితే విమానం విసురుకు ఎక్కువగా తేలుతుంది, గో-అరౌండ్‌లో బరువుగా లేస్తుంది. పొడవైన రన్‌వే ఉన్నప్పుడు 10 లేదా 20 డిగ్రీలతో దిగడం వేరే రుచి. ఇన్‌స్ట్రక్టర్‌తో ముందు అలవాటు చేసుకోండి.

మూడోది ఆ ‘అమ్మయ్య’. ఇక్కడ కొంచెం ఆగుదాం. మీరు ఎడమ రెక్క వంచి, కుడి రడర్‌తో ముక్కును రన్‌వే వెంట పెట్టి దిగారు. ఎడమ చక్రం ముందు తాకింది. అది తప్పు కాదు, అలాగే తాకాలి. కానీ చక్రం తాకినంత మాత్రాన విమానం ఎగరడం ఆపలేదు. రెక్కల కింద ఇంకా యాభై నాట్స్ గాలి ఉంది. వేగం తగ్గేకొద్దీ ఎయిలరాన్ల (యోక్ తిప్పితే కదిలే రెక్క చివరి పలకల) పట్టు తగ్గుతుంది కాబట్టి యోక్‌ను మధ్యకు తేవడానికి బదులు ఇంకా ఇంకా గాలివైపు తిప్పుతూ పోవాలి, చివరికి అది పూర్తిగా ఆ చివరకు చేరాలి. కుడి చక్రం తనంతట తాను కిందికి వస్తుంది, తర్వాత ముందు చక్రం. టాక్సీ చేసేటప్పుడూ ఇంతే: ముందు నుంచి వచ్చే గాలికి యోక్ గాలివైపు, వెనక నుంచి వచ్చే గాలికి ముందుకు నెట్టి గాలికి అవతలివైపు. విమానాన్ని నేలకు కట్టి ఉంచే కట్లు వేసేదాకా ఎగురుతూనే ఉన్నామనుకోండి. తలుపు తీసేటప్పుడు కూడా చేత్తో పట్టుకోండి, కీలు విరగ్గొట్టుకున్నవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు.

గాలి దిశ చెప్పని విషయం ఇంకొకటుంది: గాలికి ఎగువన ఏముందో చూడండి. హ్యాంగర్లు, చెట్ల వరుస ఉంటే ఏటిలో బండరాయి దాటిన నీటిలా గాలి వాటి అవతల సుడి తిరుగుతుంది. టవర్ దగ్గర గాలి కొలిచే పరికరానికి ఆ సుడి తెలియదు. మీరు నేలను తాకే చోటు సరిగ్గా అక్కడే ఉంటే, పొడవు అనుమతించిన మేరకు కొంచెం ముందుకు వెళ్లి తాకడం మేలు.

పైన ఎగిరేటప్పుడు కుదుపులకు రెక్క విరుగుతుందేమో అని కూడా రాశారు. మీ విమానం రెక్కలు సాధారణ శ్రేణిలో గురుత్వానికి 3.8 రెట్ల భారం మోసేలా కట్టినవి. కుదుపులున్నప్పుడు మాన్యువరింగ్ వేగానికి (రెక్కపై భారం హద్దు దాటకముందే స్టాల్ అయ్యే వేగం) తగ్గండి. 172ఎస్ రకంలో పూర్తి బరువు 2,550 పౌండ్ల వద్ద అది 105 నాట్స్, 1,900 పౌండ్ల వద్ద 90. బరువు తగ్గితే వేగమూ తగ్గాలని గుర్తుంచుకోండి, చాలామంది తిరగేసి చెబుతారు. ఎత్తు కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోకుండా రెక్కలు సమంగా ఉంచండి. బెల్టు బిగించండి. ఈ భాగంలో భయం మీకు అసౌకర్యం మాత్రమే.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పుడున్నట్లే 10 దాటితే మానేయడం ఒకటి. అందులో తప్పేమీ లేదు, సరదాగా ఎగిరేవారికి ఎవరూ హాజరు వేయరు. కానీ ఇలా ఏడాది గడిస్తే అడ్డగాలిలో దిగే నేర్పు మీకు ఇప్పుడున్నంత కూడా మిగలదు. గాలి మాత్రం ఏదో ఒక మధ్యాహ్నం తప్పక ఎదురవుతుంది. అంటే ఈ దారి మిమ్మల్ని గాలి నుంచి దాచదు, దాన్ని ఎదుర్కొనే రోజును మాత్రం మీ చేతుల్లోంచి తీసేస్తుంది. ఈ దారే కావాలంటే పొద్దున్నే వెళ్లి పొద్దున్నే రండి, పక్క దిశలో రన్‌వే ఉన్న మరో విమానాశ్రయాన్ని, అక్కడిదాకా వెళ్లడానికి సరిపడా ఇంధనాన్ని ఎప్పుడూ లెక్కలో పెట్టుకోండి.

ఒంటరిగా వెళ్లి భయం పోగొట్టుకోవడం రెండోది. మీ ఉత్తరంలో దీనివైపు మొగ్గు కనిపిస్తోంది, ఆ పెద్దాయన నవ్వు దీని వెనక ఉంది. కొందరికి ఇది కలిసొస్తుంది. కలిసిరాకపోతే ఆ రోజు తప్పును సరిచేసేవారు పక్కన ఉండరు, వంగిన ముందు చక్రానికి, ఫైర్‌వాల్‌కు (ఇంజిన్ వెనక ఉండే గోడ) మరమ్మతు ఖర్చూ చిన్నది కాదు.

మూడోది గాలి ఉన్న రోజునే ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లడం. డబ్బు ఖర్చవుతుంది, లైసెన్సు వచ్చాక మళ్లీ విద్యార్థినా అని అహం కొంచెం గుచ్చుకుంటుంది. నా మొగ్గు ఇటువైపే. దిగకుండా దిగడం నేర్పమని అడగండి: కొంచెం పవర్ ఉంచి, రన్‌వేకు కొన్ని అడుగుల ఎత్తున, ఒక రెక్క వంచి, మధ్య గీత తప్పకుండా ఆ చివరిదాకా ఎగిరి, గో-అరౌండ్ చేయడం. మామూలు ల్యాండింగ్‌లో ఆ స్థితి కొన్ని క్షణాలే ఉంటుంది. ఇలా చేస్తే ఒక్కో రౌండ్‌లో అంతకు ఎన్నో రెట్లు సాధన దొరుకుతుంది. అక్కడే ఒక హద్దు కూడా మీ కాలికి తెలుస్తుంది: రడర్ పూర్తిగా తొక్కినా ముక్కు రన్‌వే వెంట నిలవకపోతే, ఆ రన్‌వే ఆ రోజుకు మీది కాదు.

భర్త చెప్పినట్లు మానేయడమూ ఒక దారే, దాన్ని ఓటమి కింద జమకట్టను. అయితే ఆయనకు మీరు ఆందోళన మాత్రమే చూపించారు, లెక్క చూపించలేదు. పై రెండు అంకెలు రాసిన కాగితం ఒకసారి ఆయన ముందు పెట్టి, తర్వాత ఏమంటారో వినండి.

తమ్ముడి దగ్గర “అవును” అన్నారు. దాన్ని సరిదిద్దండి. “కాదురా, ఆ రోజు గాలి నాకు ఎక్కువైంది, అందుకే మళ్లీ పైకి తీసుకెళ్లాను” అని చెప్పడం వల్ల అతని నమ్మకం తగ్గదు. ఆ రోజు మీరు చేసిన అతి మంచి పని అదే కూడా. రన్‌వే అంచుకు కొట్టుకుపోతున్నప్పుడు విమానాన్ని బలవంతంగా నేలకు అదమకుండా పవర్ ఇచ్చారు. వచ్చే నెల ప్రయాణానికి తేదీ ఇవ్వకండి, వారం ఇవ్వండి. గాలి కుదరకపోతే కారులో వెళ్దామని ఇప్పుడే చెప్పండి, పిల్లలకు కూడా. ఇన్‌స్ట్రక్టర్‌తో పాఠాలు ఆలోగా కాకపోతే ప్రయాణాన్నే వెనక్కి జరపండి. చిన్న పిల్లలు వెనక సీట్లో ఉన్న రోజు కొత్త అంకెను పరీక్షించే రోజు కాదు.

ఉరుముల మేఘాలు దగ్గర్లో ఉంటే మాత్రం పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. వాటి కింది నుంచి దూసుకొచ్చే చల్లగాలి మేఘానికి చాలా మైళ్ల దూరంలో కూడా దిశను క్షణాల్లో తిప్పేస్తుంది. ఆ గాలితో సాధన ఎవరూ చేయరు, పెద్దాయనతో సహా.

మొదటి పాఠానికి విసుర్లు తక్కువగా, అడ్డగాలి 8 నుంచి 10 వరకు నిలకడగా ఉన్న రోజును ఎంచుకోండి. విసుర్ల రోజు దాని తర్వాత. బయలుదేరే ముందు ఇన్‌స్ట్రక్టర్‌ను ఒక ప్రశ్న అడగండి: “విమానం ఏ స్థితికి వస్తే మీరు చేయి వేస్తారు?” కొందరు గాలి రోజున తెలియకుండానే యోక్ మీద రెండు వేళ్లు ఆనించి ఉంచుతారు, దిగింది మీరేనని ఇద్దరూ అనుకుంటారు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవారితో వెళ్లండి.